సమస్త కార్యములు

ఇందుమూలంగా తెలియజేయునదేమనగా, కళ్యాణదుర్గం వైపు ఒక పంచాయతీలో ఆడవాళ్ల కోటాలో గంగాదేవి సర్పంచిగా గెలిచింది. వెంటనే ఆమె భర్త చెన్నప్ప కుర్చీలో కూర్చున్నాడు. ఇందులో వింతేమీ లేదు. గెలుపు దండ కూడా ఆయన మెడలోనే పడింది. గంగాదేవి మెడలో పుస్తెలున్నాయి కదా, చాలుననుకున్నారు.

కొత్తగా వచ్చిన కార్యదర్శి పద్మప్రియకు మాత్రం లోకజ్ఞానం తక్కువ. "అన్నా, మీరు ఏ హోదాలో కూర్చోనుండారు?" అని అడిగింది. చెన్నప్పకు చట్టమంటే భక్తి. మరునాడే ఆటో ఎక్కి కళ్యాణదుర్గం పోయి, డాక్యుమెంట్ రైటర్ గోవిందప్ప చేత స్టాంపు కాగితం మీద పవర్ రాయించుకొచ్చి పెండ్లాం ముందు పెట్టాడు. ఒకరి తరఫున ఇంకొకరు పని చేసే హక్కును పవరంటారు. ఆ ప్రాంతంలో కరెంటునూ పవరే అంటారు. రెండూ ఎప్పుడు పోతాయో ఎవరికీ తెలియదు.

"ఈడ ఏలిముద్ర ఎయ్యి."

"ముద్రెందుకు మామా? సంతకమే చేస్తా."

గంగాదేవి ఏభయ్యో ఏట సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చింది. ఆలస్యంగా నేర్చినవాళ్లకు ఒక చెడ్డ అలవాటుంటుంది: కనబడినదల్లా చదువుతారు. వేలు పెట్టి చదివింది. "నేను చేయవలసిన స-మ-స్త కార్యములు నాకు బదులుగా నా భర్త చేయుటకు... సమస్తమంటే అన్నీనా?"

"అన్నీనే. ఒకటీ మిగల్దు."

ముత్యాల్లాంటి సంతకం పెట్టింది.

తెల్లారి సర్పంచి మంచం దిగలేదు. "మామా, ట్యాంకరొచ్చినాది. నా తరఫున బిందెలెత్తుకో." చెన్నప్ప నవ్వాడు. ఆమె కాగితం చూపింది. మినహాయింపు ఎక్కడా లేదు.

నీళ్ల వరుసలో మారెక్క ఆపింది. "ఏమప్పా, నడిమధ్యలో దూరుతాండావు?"

"సర్పంచి తరఫున వచ్చినా."

"అట్లయితే కడాకి పో. సర్పంచి రోజూ ఆడే నిలబడేది."

తర్వాత సంగటి కెలికాడు, గొర్రెల దొడ్డి ఊడ్చాడు, విత్తనానికి వేరుశనగ బుడ్డలు వలిచాడు. ఆ త్యాగానికి ఊరు కరిగిపోయింది. మూడోరోజే సన్మానం. "పెండ్లాం పనులు మూడు దినాలు చేసిన మహానుభావుడు!" అంటూ వార్డు మెంబరు బయ్యన్న గద్గద స్వరంతో ప్రసంగించాడు. ముప్పై ఏళ్లుగా ఆ పనులే చేసిన గంగాదేవి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇన్ని బాధ్యతల మధ్య చెన్నప్పకు కుర్చీలో కూర్చునే తీరిక చిక్కలేదు. ఖాళీ కుర్చీ చూడలేక గంగాదేవే కూర్చుంది. ట్యాంకరు వీధివీధికీ రావాలన్నది తొలి తీర్మానం. అడిగింది చెన్నప్పే, నడుము పట్టుకుని.

వారం తిరక్కుండా ఆయన గోవిందప్ప ముందు నిలబడ్డాడు. "అన్నా, ఆ పవర్ రద్దు చేయి."

"రాసిచ్చినామె రావల్ల కదప్పా!"

"యాడ వస్తాది? మీటింగులో ఉండాది."

అనుభవమే గురువు. గోవిందప్ప ఇప్పుడు కొత్త నమూనా అచ్చు వేయించి పెట్టుకున్నాడు: "వంట, నీళ్లు, కసువు ఊడ్పు మినహా సమస్త కార్యములు." దూరాభారం పడి మీరు దానికోసం కళ్యాణదుర్గం రానక్కరలేదు. మీ ఇంట్లో అది స్టాంపు లేకుండానే చెల్లుతోంది.