చెడిపోని ఫ్యాను

విద్యకూ పరిశ్రమకూ మధ్య గోడ ఉండరాదని పైవారు నిర్ణయించారు. తిరుపతిలోని మా వృత్తివిద్యా హైస్కూల్లో గోడలు ఇదివరకే పడిపోయి ఉన్నందున అమలు సులువైంది.

పథకం పేరు ఉత్పత్తి ఆధారిత విద్య. పదకొండో తరగతివారు సీలింగు ఫ్యాన్లు తయారుచేస్తారు. ఒప్పందం కుదుర్చుకున్న కంపెనీ వాటిని లాడ్జీలకు అమ్ముతుంది. చెడిపోయి తిరిగొచ్చిన వాటిని పన్నెండో తరగతివారు బాగుచేస్తారు. ఎవరి ఫ్యాను ఎవరు బాగుచేయాలో ముందే నిర్ణయమై ఉంటుంది. తయారీ, మరమ్మతు రెండూ పూర్తయితేనే ఇద్దరికీ పాసు. పాసైతే కంపెనీలో ఉద్యోగం. (ఫ్యాను ఎందుకు చెడిపోవాలని అడిగినవారు ఇంతవరకు లేరు.) ఫ్యాన్లన్నీ వారం తిరక్కుండా వచ్చేసేవి కాబట్టి పథకం ఆదర్శంగా నడిచింది.

ఈ ఏడు లోహిత అనే పిల్ల చేసిన ఫ్యాను తిరిగిరాలేదు.

దాన్ని బాగుచేయవలసిన నియాజ్ దసరా సెలవుల నుంచీ స్క్రూడ్రైవరు పట్టుకుని గేటు దగ్గరే కూర్చున్నాడు. చివరికి ఉత్పత్తి-విద్యా సమన్వయాధికారి ఆదిమూలం గారు అతన్నీ నన్నూ వెంటబెట్టుకుని, ఆ ఫ్యాను బిగించిన తిరుచానూరు లాడ్జికి బయల్దేరారు. (నేను తెలుగు అయ్యవారిని. ఖాళీగా కనబడ్డాను.)

"ఏమ్మా, ఫ్యాను సెడిపోలేదా?" అని ఆయన లాడ్జి నడిపే మునిరత్నమ్మను అడిగారు.

"లేదు సార్. బాగా తిరగతా ఉండాది. ఏం, తిరక్కూడదా?"

"అది సెడిపోతేనే గదమ్మా ఈ పిలగాడు పాసయ్యేది."

ఆమెకు నియాజ్‌ను చూసి జాలేసింది. "ముందే సెప్పుండొచ్చు గదా సార్. మీరు సరేనంటే రోకలి తెప్పిస్తా."

"అట్లొద్దమ్మా. తనంతట తాను సెడిపోవాల. రూలు."

ఫ్యానును రాత్రింబగళ్లు ఆపకుండా తిప్పాలని ఉత్తర్వు వెలువడింది. కొన్నాళ్లకు ఆ గదిలో దిగిన భక్తులందరికీ జలుబు చేసింది. ఫ్యానుకు ఏమీ కాలేదు.

స్కూల్లో విచారణ జరిపారు.

"నేనేం తప్పు సేసినాను సార్?" అంది లోహిత కళ్లనీళ్లతో.

"నువ్వొక్కదానివి బాగా సేసి, రెండు క్లాసులోళ్లను ఇబ్బంది పెడితే ఎట్లా పాపా?" అన్నారు ఆదిమూలం గారు ఎంతో మెత్తగా. నాకు ఒళ్లు మండింది. (తెలుగు అయ్యవారి ఒళ్లు మండితే నమోదు చేయడానికి ఫారంలో చోటు లేదు.) ఇద్దరినీ ఫెయిలు చేసి, మళ్లీ అదే పని అప్పగించారు.

లోహిత తెలివైన పిల్ల. ఆమె చేసిన రెండో ఫ్యాను బిగించిన సాయంత్రానికే పొగలు కక్కుతూ తిరిగొచ్చింది. నియాజ్ పాసయ్యాడు. లోహితకు జిల్లా ఫస్టు వచ్చింది.

కంపెనీవారు ఆమెను నాణ్యతా విభాగంలోకి తీసుకున్నారు.