పసుపు గుడ్డ కట్టిన స్తంభం

సోమవారం వచ్చిందంటే చోడవరం పంచాయతీ సర్పంచి నూకరత్నానికి హుషారు. పొద్దున్నే కాఫీ తాగి, మైకులూ లైట్లూ అద్దెకిచ్చే షఫీక్ మైకు ఆటోలో కూర్చుని, ఆ వారం పంచాయతీ ఏం చేయబోతోందో ఊరంతా తిరిగి చెప్పడం ఆమె పెట్టుకున్న పద్ధతి. కుళాయి ఏ వేళకి వస్తుందో, కాలువ పూడిక ఎప్పుడు తీస్తారో ఆమె నోటే వినాలి. ఆడవాళ్ల సీటు కాబట్టి గెలిచిందని గిట్టనివాళ్లు అనేవారు. అయితే అననీ. మొగుడిని కుర్చీలో కూర్చోబెట్టి తాను వంటింట్లో ఉండిపోయే రకం కాదు ఆమె.

ఆ సోమవారం సంగతి వీధి దీపాలు. ఏ దీపం పాడైందో కనుక్కోవడానికి పంచాయతీ లైట్ల మనిషి సత్యారావు పట్టపగలు తిరిగేవాడు. పగలు ఏ దీపమూ వెలగదు కాబట్టి అన్నీ బాగానే ఉన్నాయని చెప్పేవాడు. అందుకని నూకరత్నం ఒక ఉపాయం ఆలోచించింది.

"మీ ఈదిలో దీపం ఎలగకపోతే ఆ స్తంభానికి ఓ గుడ్డ కట్టండి. సత్యారావొచ్చి బాగు సేస్తాడు," అని మైకులో చెప్పింది. అక్కడితో ఆపితే సరిపోయేది. ఉత్సాహం ఆపుకోలేక ఇంకో మాట అనేసింది. "గుడ్డ కట్టిన సోట సుక్రారం సాయంత్రానికి ఎలుగు రాకపోతే నేను సర్పంచి కుర్సీలో కూకోను!"

షఫీక్ ఆటో ఆపేశాడు. "కుర్చీ మాటెందుకమ్మా? గణపతిరావుగారు ఇంటన్నారు."

"ఇననీ. బల్బు మార్సడం ఏటి బ్రెమ్మవిద్యా?"

వార్డు మెంబరు గణపతిరావు నిజంగానే అరుగు మీద పళ్లు తోముకుంటూ విన్నాడు. ఆ కుర్చీలో తన భార్యను కూర్చోబెట్టి, పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని తాను సంతకాలు చూసుకోవాలని అతని చిరకాల కోరిక. వేపపుల్ల ఉమ్మేసి నవ్వుకున్నాడు.

గణపతిరావు ఎదురింటి ముసలమ్మ అచ్చియ్యమ్మ. ఆమె గుమ్మం ముందున్న స్తంభానికి వానాకాలం నుంచి దీపం లేదు. సర్పంచి చెప్పిందే తడవుగా గుడ్డ కోసం ఇల్లంతా వెతికింది. పసుపు కొమ్ములు మూటకట్టిన పాత గుడ్డ దొరికింది. కొమ్ములు డబ్బాలో పోసి, ఆ గుడ్డను స్తంభానికి కట్టి, బుచ్చయ్యపేట బస్సెక్కి కూతురింటికి వెళ్లిపోయింది.

మంగళవారం పొద్దున్న పూలమ్మే నరసమ్మ ఆ దారిన వస్తూ ఆగింది. ఊరికే ఎవరూ పసుపు గుడ్డ కట్టరు కదా. ఎవరిదో మొక్కనుకుని, తన బుట్టలోంచి మూరెడు చామంతులు అక్కడ పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆ చామంతులు చూసి ఎవరో కుంకుమ బొట్లు పెట్టారు. బొట్లు చూసి ఇంకెవరో కొబ్బరికాయ కొట్టారు. ఫ్యాక్టరీకి చెరుకు బళ్లు తోలుకుపోతున్న వాళ్లు దిగి తలా ఒక గడ ఆనించి వెళ్లారు. మధ్యాహ్నానికల్లా ఆ తల్లికి స్తంభాలమ్మ అని పేరు కూడా వచ్చేసింది.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన అచ్చియ్యమ్మ నోరు తెరిచేసింది. "ఓలమ్మా! నా గుమ్మంలో ఎలిసేవా తల్లీ!" అని చెంపలు వేసుకుంది.

బుధవారం సత్యారావు నిచ్చెన తెచ్చాడు. గుడ్డ కనిపించింది. నిచ్చెన ఆనించబోయేసరికి నరసమ్మ అడ్డంగా నిలబడింది.

"ఒరే, ఏటి సేస్తన్నావు? అమ్మోరి నెత్తి మీద కాలెడతావా?"

"బల్బు మార్సాలప్పా. సర్పంచమ్మ సెప్పింది."

"సర్పంచమ్మ గొప్పా, అమ్మోరు గొప్పా?"

సత్యారావుకు పెళ్లాం, పిల్లలు ఉన్నారు. చెప్పులు విప్పి, అమ్మవారికి దణ్ణం పెట్టి, నిచ్చెనతో సహా వెనక్కి వెళ్లిపోయాడు.

గురువారం నూకరత్నమే వచ్చింది. అచ్చియ్యమ్మను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "అత్తా, ఆ గుడ్డ నువ్వు కట్టిందే కదా? దీపం కోసం కట్టేవు కదా?"

అచ్చియ్యమ్మ గుడ్డ వైపు తేరిపార చూసింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "నాదేనమ్మా. సూసేవా, ఊళ్లో ఇంతమందుండగా నా సేతే కట్టించుకుంది!"

ఇంక మాట్లాడటానికేముంది? నూకరత్నం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంది. కుర్చీ పోతే పోయింది. సోమవారం పొద్దున్న తన గొంతు విని ఆడవాళ్లు తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మాల్లోకి వచ్చేవారు. అది పోతుందనుకునేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

అటు గణపతిరావుకు మాత్రం పండగే. సర్పంచి ఓడిపోతే ఊరంతా చూడాలి. ఊరంతా రావాలంటే జాతర జరగాలి. వెంటనే షఫీక్‌ను పిలిపించాడు.

"సుక్రారం స్తంభాలమ్మ జాతర నేనే సేయిస్తన్నాను. ఈది ఈ సివర్నించి ఆ సివరకి ట్యూబులైట్లు కట్టెయ్. పట్టపగల్లాగ ఉండాల. కరెంటు మా ఇంటినించి లాగు."

షఫీక్ అతని ముఖంలోకి ఒకసారి చూశాడు. "మీ ఇంటినించేనా బాబూ?"

"మా ఇంటినించే. అమ్మోరి పని కదరా!"

"అలాగే," అని షఫీక్ వైర్లు తేవడానికి వెళ్లిపోయాడు.

శుక్రవారం సాయంత్రం కె.కోటపాడు నుంచి కూడా జనం వచ్చారు. నూకరత్నం ఒక మూల తలొంచుకుని నిలబడింది. చీకటి పడగానే ట్యూబులైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. గణపతిరావు మైకందుకున్నాడు.

"గుడ్డ కట్టిన సోట సుక్రారం సాయంత్రానికి ఎలుగు రాకపోతే కుర్సీలో కూకోనని సర్పంచిగారు ఈ మైకులోనే సెప్పేరు. సాయంత్రమైపోనాది. మరి ఎలుగేదీ?"

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముఖాలు చక్కగా కనిపిస్తున్నాయి.

ముందు వరసలోంచి అచ్చియ్యమ్మ అంది: "అదేటి బాబూ, నెత్తి మీదే ఉంది కదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వీధి చివరిదాకా పోయింది. నూకరత్నం తలెత్తి లైట్లు చూసింది, షఫీక్‌ను చూసింది. అతను వైరు సరిచేస్తూ అటు తిరిగిపోయాడు. ఆమె వచ్చి గణపతిరావు చేతిలోని మైకు మర్యాదగా తీసుకుంది.

"పంచాయతీ తరపున మీకు తెలియజేసేదేటంటే, ఈ ఈదికి ఎలుగొచ్చింది. మెంబరు గణపతిరావుగారికి దండాలు. కుళాయి రేపు మామూలుగానే వస్తాది."

మర్నాడు లైట్లు విప్పించడానికి గణపతిరావు బయటికి వచ్చేసరికి అచ్చియ్యమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "అమ్మోరి దీపం ఆర్పేస్తావా బాబూ? పిల్లలున్నోడివి," అంది ఎంతో ఆపేక్షగా. అతను వచ్చిన దారినే లోపలికి వెళ్లిపోయాడు.

సోమవారం నూకరత్నం మైకు ఆటోలో బయలుదేరేసరికి, ఊళ్లో వెలగని ప్రతి స్తంభానికీ పసుపు గుడ్డ కట్టి ఉంది. గణపతిరావు మాత్రం ఆ గుడ్డలు లెక్కపెట్టుకుని అత్తవారింటికి వెళ్లాడట, ఎప్పుడొస్తాడో చెప్పలేదు.