పై సగం, కింది సగం

ఆ శనివారం పొద్దున బెయాతా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు హాలు గోడకి రంగు ఎంచుకోవడం, సాయంత్రంలోపు వేసెయ్యడం, ఆదివారమంతా ఆరబెట్టడం, సోమవారం ఫాదర్ లుద్విక్ ఏటా క్రిస్మస్ అయ్యాక ఇల్లిల్లూ తిరిగి ఇచ్చే ఇంటి దీవెనకి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నిమ్మకాయ టీ కాచి కూర్చోవడం. ఇంత చిన్న పథకానికి అడ్డమేముంటుందనుకుంది. పదకొండేళ్లు కాపురం చేసినా ఆ ఇంటి సంగతి ఆవిడకి ఇంకా పూర్తిగా తెలియలేదన్నమాట.

ఇల్లంటే తార్నూఫ్ పట్నంలో ఓ నాలుగంతస్తుల భవనంలో మూడో అంతస్తు ఫ్లాటు. దాని హాలు గోడలకి నేల నుంచి భుజం ఎత్తు దాకా ముదురు గోధుమరంగు చెక్క పలకలు బిగించి ఉన్నాయి. 1984లో, దుకాణాల్లో మేకు దొరకడమే గగనమైన రోజుల్లో, మామగారు ఎడ్మండ్ ఎక్కడినుంచో చెక్క సంపాదించి, స్వయంగా చిత్రిక పట్టి, వార్నిష్ పూసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా బిగించాడు. చెక్క ఎక్కడిదన్నది మాత్రం ఏటా మారేది. ఒక ఏడు రైల్వే డిపోలో స్నేహితుడు ఇచ్చాడు, ఇంకో ఏడు అటవీ అధికారి ఇచ్చాడు. మోకాళ్లు మొరాయించాక ఆయన ఫ్లాటు కొడుక్కి వదిలేసి అడుగున నేల అంతస్తులో ఒంటిగదికి మారాడు. మోకాళ్లు మొరాయిస్తున్నా పలకల్ని నిమరడానికి మాత్రం రోజూ మూడంతస్తులూ ఎక్కేవాడు.

బెయాతాకి ఉన్న కోరిక ఒక్కటే. సెలవు రోజు మధ్యాహ్నం దీపం వెయ్యకుండా సోఫాలో కూర్చుని పుస్తకం చదువుకోవాలి. ఆ చెక్క కిటికీలోంచి వచ్చిన వెలుతురునంతా మింగేసేది. నిజానికి ఆ పలకలకే తెల్ల రంగు కొట్టాలని ఆవిడ మనసులో ఉంది గానీ, ఆ మాట మొగుడితో కూడా అనలేదు. చివరికి మొన్న క్రిస్మస్ విందులో, మామగారి నోట్లో చేపముక్క ఉన్న సమయం చూసి అడిగింది.

"మామయ్యగారూ, హాలు గోడలో చెక్క ఉన్న కింది సగం మీది, పై సగం నాది. ఒకరికి ఒక సగం. ఎవరి సగంలో వాళ్ల మాటే చెల్లాలి. రెండోవాళ్లు అడ్డు చెప్పకూడదు. సరేనా?"

ముల్లు గొంతులో దిగుతుందన్న భయంతో ఎడ్మండ్ మాట్లాడకుండా తలూపాడు. మాట ఖాయమైపోయింది.

అలా శనివారం పొద్దున ఎనిమిదింటికి బెయాతా చిన్న చిన్న రంగు డబ్బాలు ముందేసుకుని, పలకలకి పైన గోడ మీద మొదటి మచ్చ పెట్టింది. మీగడ రంగు. ఎనిమిదీ అయిదుకి ఎడ్మండ్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నేను అడ్డు చెప్పనమ్మాయ్. ఒట్టు. కాకపోతే నాకు గడ్డ కోసిన ఆసుపత్రి గది అచ్చం ఇదే రంగు."

బెయాతా పక్కన లేత ఆకుపచ్చ మచ్చ పెట్టింది.

"అడ్డు చెప్పటం కాదు గానీ, మా బడి గోడలు ఇలాగే ఉండేవి. లెక్కల మాస్టారి బెత్తం కళ్లముందు ఆడుతోంది."

తర్వాత గులాబీ రంగు. "బీట్‌రూట్ సూప్‌లో మీగడ ఒలికినట్టుంది" అన్నాడు. "అయినా నీ సగం, నీ ఇష్టం."

బెయాతా మొగుడి వైపు తిరిగింది. "విటెక్, నువ్వైనా చెప్పు. ఏది బాగుంది?"

"అన్నీ బాగానే ఉన్నాయి" అన్నాడు విటెక్ రొట్టెకి వెన్న రాసుకుంటూ.

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇలాగే అన్నావా?"

"అప్పుడు నన్నెవరూ అడగలేదుగా."

పదకొండయ్యేసరికి గోడ మీద ఎనిమిది మచ్చలు తేలాయి. ఏదీ ఆ చెక్కతో పొసగలేదు. పసుపు పెడితే పలకలు ఎర్రబడ్డాయి, నీలం పెడితే నల్లబడ్డాయి, బూడిద రంగు పెడితే ఎవరో చచ్చిపోయిన ఇల్లులా తయారైంది. విసుగెత్తిన బెయాతా తొమ్మిదో ప్రయత్నంగా మిగిలిన తెలుపుని ఓ తెల్ల పింగాణీ గిన్నెలో పోసి, నీళ్లతో బాగా పలచన చేసింది. గిన్నెని కిటికీ గట్టు మీద పెట్టి కుంచె కడుక్కోడానికి వెళ్తుండగా రెండో అంతస్తు ఫెలీసియా లోపలికొచ్చింది. తలుపు తట్టడం ఆవిడకి అలవాటు లేదు.

"ఏంటమ్మా, ఫాదర్ గారు వచ్చే వేళకి గోడకి ఆటలమ్మ పోయించారు?"

"ఫాదర్ సోమవారం కదండీ!"

"సోమవారం మాట ఎప్పుడో మారిపోయింది! మన మెట్ల మీది ఇళ్లకి ఇవాళ పన్నెండింటికే. పోయిన ఆదివారం చర్చిలో ప్రకటించారుగా!"

అందరూ విటెక్ వైపు చూశారు. పోయిన ఆదివారం బెయాతాకి జ్వరం. చర్చికి వెళ్లింది అతనొక్కడే. ప్రార్థన అయిపోయి ప్రకటనలు మొదలవగానే వెనక తలుపులోంచి జారుకునే మగవాళ్ల గుంపు ఒకటి ఆ చర్చిలో ఉంది. విటెక్ అందులో పాత సభ్యుడు.

"అంటే... కారు వేడెక్కిద్దామని కాస్త ముందొచ్చాను" అన్నాడు.

"ఇప్పుడు నేను వేడెక్కాను. ఏం చేస్తావో చెయ్యి!"

ఫెలీసియా తన సరంజామా కోసం కిందికి పరిగెత్తింది. ఆ మెట్ల మీది ఇళ్లన్నిటికీ కలిపి సిలువ, రెండు కొవ్వొత్తి స్టాండ్లు, తీర్థం చల్లే కుంచె సరిగ్గా ఉన్నది ఆవిడ ఇంట్లోనే. ఏటా ఆ సరంజామా ఫాదర్ కంటే ఒక ఇల్లు ముందు నడుస్తూ ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఫాదర్ లుద్విక్ ప్రతి ఇంట్లోనూ అదే సిలువని అప్పుడే కొత్తగా చూసినట్టు ముద్దుపెట్టుకుంటున్నాడు.

"ఈ మచ్చల్ని దాచాలి" అంది బెయాతా. "ఆ మూలనున్న పెద్ద బీరువాని ఇటు జరుపుదాం, కప్పేస్తుంది."

"బీరువా జోలికి వెళ్లొద్దు!" అని ఎడ్మండ్ గట్టిగా అరిచాడు.

"ఎందుకు మామయ్యగారూ?"

"అది... బరువు."

అప్పటికే విటెక్ భుజం ఆనించి తోశాడు. పొద్దుటినుంచి అతను పనికొచ్చే పని చెయ్యబోవడం అదే మొదలు. బీరువా కీచుమంటూ ఎనిమిది మచ్చల ముందుకి జరిగింది. దాని వెనక గోడ బయటపడింది. అక్కడ పలకలు లేవు. రెండు మీటర్ల మేర పాత ఆకుపచ్చ సున్నం, దాని మీద పసుపెక్కిన ఒక వార్తాపత్రిక ముక్క. అంతే.

ఈ మూల నుంచి ఆ మూల దాకా అని నలభై ఏళ్లు చెప్పిన మనిషి చెవులు ఎర్రబడ్డాయి. "చెక్క అయిపోయింది" అన్నాడు మెల్లగా. "ఇంకెక్కడా దొరకలేదు. మీ అత్తగారితో రేపు తెస్తానని చెప్పి బీరువా అడ్డం పెట్టాను. తర్వాత దొరికినా, పాత చెక్కతో రంగు కలవలేదు."

విటెక్‌కి నవ్వొచ్చింది. బెయాతా కళ్లెర్రజేసేసరికి మింగేశాడు. పొద్దుటినుంచి మామగారి మీద ఎంత కోపం కూడబెట్టుకుందో ఆవిడకే తెలుసు. అదంతా ఒక్కసారిగా కరిగిపోయి, ఆ ముసలాయన మీద బోలెడంత జాలి, దాంతోపాటే ఇష్టం కలిగాయి.

"వెనక్కి తోద్దాం. మచ్చలు కనబడితే కనబడనీ" అంది.

అప్పుడే గంట మోగింది. ఫాదర్ ఏటా పై అంతస్తు నుంచి కిందికి దిగుతాడు. ఈసారి నాలుగో అంతస్తులో మూడిళ్ల వాళ్లూ మంచు మీద జారే ఆటకి కొండలకి వెళ్లిపోయారు. అందుకని అరగంట ముందే వచ్చేశాడు.

తలుపు తీస్తే ముందు ఫెలీసియా దూసుకొచ్చి సిలువ, కొవ్వొత్తులు, కుంచె బల్ల మీద పడేసి, "తీర్థం సీసా మరిచిపోయాను, ఇప్పుడే తెస్తా" అని మళ్లీ పరిగెత్తింది. చొక్కా నిండా ఎనిమిది రంగులున్న బెయాతా బట్టలు మార్చుకోడానికి లోపలికి ఉరికి, అక్కడినుంచే, "విటెక్, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి తీర్థానికి గిన్నె పెట్టు!" అని కేకేసింది. వంటింట్లో కడిగి బోర్లించిన గిన్నె ఆవిడ ఉద్దేశం. విటెక్ కళ్లకి కిటికీ గట్టు మీద గిన్నె కనబడింది. అందులో ఏవో మబ్బు నీళ్లున్నాయి. పోయినేటి తీర్థం కాబోలు అనుకున్నాడు. ఆ రోజు ఇంకో ప్రశ్న అడిగే ధైర్యం అతనికి లేదు.

ఫాదర్ లుద్విక్ గడ్డకట్టే చలిలోంచి వెచ్చటి హాల్లోకి రాగానే ఆయన కళ్లజోడు పూర్తిగా మసకబారింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆ ఇళ్లలో ఏది ఎక్కడుందో ఆయనకి కంఠతా వచ్చు.

"ఎడ్మండ్, ఏమయ్యా, అక్కడ గోడకి అతుక్కున్నావు? బల్ల దగ్గరికి రా."

ఎడ్మండ్ ఖాళీ గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ బార చాపి నిలబడి ఉన్నాడు. ఉన్న రెండు మీటర్లని ఒక్క మనిషి కప్పడం తేలిక కాదు. అయినా అక్కడినుంచి కదల్లేదు.

"మామయ్యగారికి నడుం పట్టేసిందండీ" అంది బెయాతా, అప్పుడే బయటికొచ్చి. "కదిలితే ప్రాణం పోతోందట. అలాగే దీవించెయ్యండి."

ఎడ్మండ్ కోడలి వైపు చూశాడు. పదకొండేళ్లలో ఆయన అలా చూడటం ఆవిడకి గుర్తులేదు.

ప్రార్థన అయింది. ఫాదర్ కుంచె ముంచాడు. తీర్థం చల్లడంలో ఆయనది పెద్ద చెయ్యి. కుడివైపు ఓ విసురు, ఎడమవైపు ఓ విసురు, మళ్లీ ముంచి పలకల పొడుగునా నాలుగు విసుర్లు, ఎడ్మండ్ నడుం నొప్పికి ప్రత్యేకంగా ఇంకో రెండు. గిన్నె గుర్తుపట్టిన బెయాతా నోట్లోంచి సన్నటి కేక ఏదో వచ్చింది గానీ, ఫాదర్ దాన్ని భక్తి అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడు ఫెలీసియా సీసా ఎత్తి పట్టుకుని వచ్చింది. "ఫాదర్ గారూ, ఇదిగో తీర్థం!"

"మరి ఇదేంటి?" అంటూ ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు.

పలకల పొడుగునా తెల్లటి చారలు కారుతున్నాయి. ఎడ్మండ్ నల్ల కోటు మీద, విటెక్ బట్టతల మీద కూడా. ఫాదర్ ముఖం పాలిపోయింది. రుమాలు తీసి దగ్గర్లో ఉన్న పలకని తుడవబోతే మచ్చ మూరెడు పాకింది.

"ఎడ్మండ్... నీ నలభై ఏళ్ల పని... నేను నా చేతులారా..."

తన పై సగం ఆ క్షణంతో సరి అని బెయాతాకి అర్థమైపోయింది. ఎడ్మండ్ పలకల్ని చూశాడు. ఫాదర్ చేతిలో రంగంటిన రుమాలుని చూశాడు. తర్వాత కోడల్ని చూశాడు.

"మీరేం కంగారుపడకండి ఫాదర్" అన్నాడు. "ఆ పలకలకి ఎలాగూ తెల్ల రంగే వేద్దామనుకున్నాం. మా కోడలి ఆలోచన. నేనూ సరేనన్నాను. మీ చేత్తో మొదలవడం మా అదృష్టం."

ఫాదర్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ప్రతి ఇంటి సంగతులూ రాసుకునే కార్డు ఒకటి ఆయన దగ్గరుంటుంది. దాన్ని తీసి, పైకి చదువుతూ రాశాడు. "పలకలకి తెల్ల రంగు. కోడలి కోరిక. వచ్చే ఏడు చూడాలి."

ఆయనా, సరంజామాతో ఫెలీసియా కూడా వెళ్లారు. బెయాతాకి నోటిదాకా వచ్చిన అదృష్టం. అయినా మనసొప్పక చెప్పేసింది. "మామయ్యగారూ, అది నీళ్ల రంగు. ఇంకా ఆరలేదు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది."

"కార్డులో రాసుకున్నాడమ్మాయ్. ఫెలీసియా కూడా విన్నది" అన్నాడు ఎడ్మండ్, కోటు దులుపుకుంటూ.

మరుసటి వారమంతా ఆయన కుంచె ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. గరుకు కాగితంతో వార్నిష్ గీకి, రెండు పూతలు తెలుపు వేశాడు. బీరువా వెనక ఖాళీకి కొత్త చెక్క తెచ్చి బిగించి, దానికీ తెలుపే పూశాడు. ఏది పాత చెక్కో, ఏది కొత్తదో ఇంక దేవుడు కూడా చెప్పలేడు. నలభై ఏళ్లకి ఈ మూల నుంచి ఆ మూల దాకా అన్న మాట నిజమైంది. ఆయన నడక కూడా కాస్త చురుగ్గా మారింది.

శుక్రవారానికి పని పూర్తయింది. శనివారం మధ్యాహ్నం బెయాతా దీపం వెయ్యకుండా సోఫాలో కూర్చుని పుస్తకం తెరిచింది. అక్షరాలు కనబడుతున్నాయి. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. నాలుగో పేజీలో ఉండగా ఎడ్మండ్ ఆయాసపడుతూ పెద్ద రంగు డబ్బా మోసుకొచ్చాడు.

"ఇదేంటి మామయ్యగారూ?"

"పై సగానికి."

"పై సగం నాది కదండీ?"

"నువ్వు కింది సగం తీసుకున్నావుగా. కార్డులో కూడా నీ కోరికనే రాసుంది. ఒకరికి ఒక సగం, రెండోవాళ్లు అడ్డు చెప్పకూడదు. నువ్వన్న మాటే."

ఆయన మూత తీశాడు. గీకేటప్పుడు ఊడిన పాత చెక్కపేడు ఒకటి దుకాణానికి పట్టుకెళ్లి, అచ్చం అదే ముదురు గోధుమరంగు కలిపించుకొచ్చాడు. బెయాతా మొగుడి వైపు చూసింది. విటెక్ డబ్బాలోకి తొంగిచూసి, బాగానే ఉందన్నాడు.

బెయాతా ఇప్పుడు పగటిపూట దీపం లేకుండానే చదువుకుంటుంది, కాకపోతే వెలుతురు మిగిలింది కింది సగంలోనే కనక నేల మీద కూర్చోవాలి.