గెంతని కంగారూకి గెంతే విగ్రహం

“టర్రవిల్గా ఊరి దాహం నేటితో తీరింది!” అని మంత్రి క్లైవ్ పెండర్‌గాస్ట్ గారు నా పబ్బు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. బోరెండిన ఊరు కదా, అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాం. దాహమంటే కీర్తిదాహమని తర్వాత సెలవిచ్చారు. పక్కూరికి రోడ్డు పక్కన పెద్ద గొర్రె విగ్రహం ఉంది, ఆ పైఊరికి పెద్ద గుమ్మడికాయ ఉంది. మనకేముంది? ఎండిన సరస్సులో దొరికిన రాక్షస కంగారూ ఎముకలు. అందుకని మూడంతస్తుల కంగారూ విగ్రహం, అదీ గెంతుతూ!

ఎముకలు తవ్విన డాక్టర్ ఇలేన్ టాస్కర్ చెయ్యెత్తింది.

“ఇది గెంతేది కాదు క్లైవ్. బరువెక్కువ. మనలాగే అడుగులేసి నడిచేది.”

“నువ్వు చూశావా?”

“లేదు.”

“నేనూ చూళ్లేదు. నీ మాటకి మెజారిటీ లేదు కాబట్టి గెంతుతుంది.”

ఇంత వేగంగా తేలిన శాస్త్రచర్చను నేనెక్కడా చూడలేదు.

మా ఎదురింటి ముసలామె మావిస్ లేచింది. “నీళ్ల గొట్టమెప్పుడేస్తావు క్లైవూ? లేకపోతే అడిలైడ్‌లో చెల్లెలి పంచన చేరాలి. నేనీ ఊళ్లో పోవాలనుకున్నా గానీ, ఊరొదిలి పోవాలని కాదు.”

“కంగారూ వస్తే టూరిస్టులొస్తారు. వాళ్లొస్తే నీళ్లొస్తాయి తల్లీ!”

విగ్రహావిష్కరణ నాడు నిజంగానే ట్యాంకరొచ్చింది. మావిస్ బకెట్ పట్టుకుని పరిగెత్తింది.

“ఇది కంగారూని కడగడానికమ్మా,” అన్నాడు డ్రైవరు. “దుమ్ము పడితే మంత్రిగారికి నచ్చదు.”

శిలాఫలకానికి టాస్కర్ రాసిచ్చింది: ‘ఉప్పటి ఆకుల పొదలు మేసేది కనుక నీళ్లు బాగా కావాల్సొచ్చేది. నీళ్లెండాక అంతరించింది.’

“మరీ విషాదం. ఓటర్లు చదువుతారు,” అని మంత్రిగారు పెన్ను తీసి, నా కళ్ల ముందే చివరి వాక్యం దిద్దారు: ‘తన ఇష్టపూర్వకంగా తరలిపోయింది.’ ఎంత దయగల చెయ్యి!

ఎండాకాలం ముగియకముందే మావిస్ ఇంటికి తాళం వేసింది. ఖాళీ బకెట్ నా చేతిలో పెట్టి బస్సెక్కింది. నాకు ఏడుపొచ్చింది. పబ్బు నడిపేవాడు పట్టపగలు ఏడవకూడదు గనక దుమ్మని చెప్పాను.

ఆ వారమే పత్రికవాళ్లొచ్చి, ఊరెందుకు ఖాళీ అవుతోందని మంత్రిగారిని అడిగారు. ఊరివాళ్లని పేరుతో సహా గుర్తుంచుకునే మనిషి ఆయన.

“మావిస్ సంగతా?” అన్నారు, వెనక కంగారూ పాదాలు కడుగుతున్న ట్యాంకరుకి అడ్డం లేకుండా కాస్త పక్కకి జరిగి. “తన ఇష్టపూర్వకంగా తరలిపోయింది.”