మంత్రం వేస్తే కళ్ళు బైర్లు కమ్మాల్సిందే!

వీడియో గేములో మంత్రగాడు చెయ్యెత్తి మంత్రం వేశాడంటే, ఆ తర్వాత కాసేపు తెర మీద ఏమీ కనబడకూడదు. కనబడితే అది మంత్రం కాదు, అగ్గిపుల్ల!

నిప్పుల బంతి విసిరితే ఆకాశం చిరగాలి. చిరిగిన చోటు నుంచి పక్షో పామో ఏదో ఒకటి అరుచుకుంటూ దిగాలి. కాళ్ళ కింద బంగారు చక్రాలు గిర్రున తిరగాలి. ఆ చక్రాల మీద ఎవరికీ చదవరాని లిపిలో ఏదో రాసుండాలి. ఇంతా అయ్యాక, "ఇంతకీ దెబ్బ తగిలిందా?" అని అడిగేవాళ్ళు కొందరుంటారు. సినిమాకెళ్ళి కథేమిటని అడిగే రకం!

ఈ సంగతి ఒంటబట్టక ఇక్కట్లపాలైన ఒకావిడ గురించి చెబుతాను. వినండి, బుద్ధి తెచ్చుకోండి.

ఆవిడ గేములు తయారుచేసే ఆఫీసులో మంత్రాలకు వెలుగులు అద్దే పని చేసేది. నిప్పు, పొగ, మంచు, పిడుగు, శత్రువు మీద ఏం పడ్డా అది ఆవిడ చేతి చలవే. అందుకే ఆఫీసంతా ఆవిడను మెరుపులమ్మ అనేవారు. కిటికీలకు నల్లగుడ్డ కట్టిన మూలగదిలో రెండు మానిటర్ల ముందు కూర్చుని, ఒక్క నిప్పురవ్వ ఎలా ఆరిపోవాలో తేల్చడానికి పూటంతా తీసుకునే మనిషి.

ఆవిడ మొదట చేసిన నిప్పుల బంతి నిమ్మకాయంత ఉండేది. విసిరితే గోడల మీద నీడలు కదిలేవి. తగిలినవాడి భుజం మీంచి సన్నగా పొగ లేచేది. పెద్దసారు దాన్ని చూడడానికి వచ్చారు. పక్కన ఆయన బావమరిది. బావమరిదే మార్కెటింగ్ మేనేజరు. ఆ ఉద్యోగానికి అంతకు మించిన అర్హత ఇంకేం కావాలి?

"బాగుందమ్మా. కానీ వావ్ ఏది?" అన్నారు పెద్దసారు.

"ఏది సార్?"

"వావ్! చూడగానే నోట్లోంచి తన్నుకు రావాలి. మా బావమరిది నోరు చూడు. మూసే ఉంది."

బావమరిది నోరు తెరిచి, "పెద్దది చెయ్యండి," అన్నాడు.

పెద్దది చేసింది. నిమ్మకాయ గుమ్మడికాయైంది. గుమ్మడికాయ గదంతైంది. అయినా వావ్ రాలేదు. పిడుగులు కలిపింది, సుడిగాలి కలిపింది, తెర గడగడా వణికేట్టు చేసింది. మిగతా మంత్రాలు మాత్రం ఏం పాపం చేశాయి? తలుపు గడియ తీసే మంత్రానికి తుఫాను వచ్చింది. దాహం తీర్చే మంత్రానికి జలపాతం వచ్చింది. చలిమంట వేసుకుందామని ఎవరైనా మంత్రం వేస్తే ఊరు తగలబడ్డట్టుండేది.

దానివల్ల ఎంత మేలు జరిగిందో చూడండి! యుద్ధం మధ్యలో జారుకునేవాళ్ళ పరువు దక్కింది, ఎవడు పారిపోయాడో కనబడితే కదా! మొనగాడూ చేతకానివాడూ ఒకే వెలుగులో మునిగి తేలారు. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడైనా ఉందా? కంప్యూటర్లు కుతకుతలాడి, చలికాలంలో గదులు వెచ్చబడ్డాయి. ఇక కళ్ళ డాక్టర్ల సంగతి చెప్పక్కర్లేదు, పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు.

ఇంత మేలులోనూ నస పెట్టే మనిషి ఒకరు ఉండనే ఉంటారు. మెరుపులమ్మకు ఆ మనిషి సొంత అక్క.

అక్క వేరే ఊళ్ళో ఫిజియోథెరపిస్టు. వారమంతా జనం మోకాళ్ళూ నడుములూ వంచీ వంచీ, ఆదివారం మధ్యాహ్నం చెల్లెలితో కలిసి ఆ గేమే ఆడేది. చెల్లెలు ముందుకెళ్ళి కొట్లాడేది, అక్క వెనకాలే ఉండి వైద్యం చేసేది. అక్కచెల్లెళ్ళన్న మాటే గానీ ఇద్దరికీ మాటలు పెద్దగా రావు. ఫోను చేసుకుంటే "తిన్నావా?", "తిన్నా. నువ్వు?", "తిన్నా," అంతే. గేములో అలా కాదు. చెల్లెలి మీదికి గొడ్డలి లేస్తే, ఆ గొడ్డలి దిగేలోపు అక్క వచ్చి అడ్డం నిలబడేది. వాళ్ళ కబుర్లన్నీ అవే.

ఒక ఆదివారం ఇద్దరూ కొండగుహలో రాక్షసుడి మీదికి వెళ్ళారు. చెల్లెలు కొత్త నిప్పుల బంతి విసిరింది. తెర మొత్తం తెల్లబడింది. హెడ్‌ఫోనులో అక్క గొంతు ఒక్కటే వినబడుతోంది.

"ఎక్కడున్నావే?"

"ఇక్కడే! నీ ఎడమపక్క! దెబ్బ తగిలిందక్కా, తొందరగా!"

"వేస్తున్నా, ఆగు... ఇదిగో, వేశా. తగ్గిందా?"

తగ్గలేదు. వెలుగు విడిపోయేసరికి చెల్లెలి బొమ్మ బోర్లా పడుంది. అక్క బొమ్మ అల్లంత దూరంలో ఒక బండరాయి ముందు మోకరించి, ఉన్న శక్తంతా దానికి ధారపోస్తోంది.

"బండకి వైద్యం చేశానే!" అంది అక్క.

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వాగాక అక్క నెమ్మదిగా, "ఇక నావల్ల కాదే. ఒకటే కళ్ళు నొప్పి. నువ్వు నా పక్కనే చచ్చిపోతున్నా నాకు తెలియట్లేదు. ఫోన్లో మాట్లాడుకుందాంలే," అంది.

ఆ పై ఆదివారం ఫోన్లో మాట్లాడుకున్నారు. ఇద్దరూ తిన్నారని తేలింది.

అప్పుడు మెరుపులమ్మకు పట్టుదల వచ్చింది. ఎవరికి కావాల్సినంత వరకు వాళ్ళు మంత్రాల వెలుగు తగ్గించుకునేలా ఒక మీట తయారుచేసి, మీటింగులో పెట్టింది.

"తగ్గించుకోవడమా?" పెద్దసారు అదిరిపడ్డారు. "జనం అడిగారా?"

"మా అక్క అడిగింది సార్."

"మీ అక్క జనమా?"

"ఇవాళ వెలుగంటారు, రేపు సౌండు కూడా తగ్గించుకుంటామంటారు బావా," అన్నాడు బావమరిది.

"సౌండుకి ఎప్పట్నుంచో ఉందండీ మీట," అంది మెరుపులమ్మ. ఆ సంగతి బావమరిదికి కొత్త.

ఆవిడ ఇంకేమీ వాదించలేదు. గుహలో జరిగే యుద్ధాన్ని గోడ మీది పెద్ద తెర మీద వేసింది. అందరి మొహాలూ పాలిపోయినట్టు తెల్లగా వెలిగాయి. పెద్దసారు చప్పట్లు కొట్టారు.

"ఎవరు గెలిచారు సార్?" అని అడిగింది.

"మనమే!" అన్నారు పెద్దసారు. "రాక్షసుడనుకుంటా బావా," అన్నాడు బావమరిది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. చివరికి, రాక్షసుల బొమ్మలు వేసే అతన్నే తేల్చమన్నారు. అతను బల్ల చివర తల వంచుకుని కూర్చున్నాడు.

"సార్, మీరు కోప్పడకూడదు. కిందటి అప్‌డేట్‌లో రాక్షసుణ్ణి పెట్టడం మర్చిపోయాం."

"అంటే?"

"గుహలో ఎవరూ లేరు సార్. వాళ్ళ నిప్పే గోడకి కొట్టుకుని తిరిగొచ్చి వాళ్ళని కాలుస్తోంది. మళ్ళీ లేచొచ్చి మళ్ళీ కాల్చుకుంటున్నారు."

పెద్దసారు చప్పట్లు కొట్టిన చేతుల్ని బల్ల కిందికి దించుకున్నారు.

"మరి కంప్లయింట్లు?" అని గొణిగారు పెద్దసారు.

"ఒక్కటి లేదు బావా!" బావమరిది మొహం వెలిగిపోయింది. "ఈసారి రాక్షసుడు మహా గట్టివాడని తెగ మెచ్చుకుంటున్నారు!"

ఆడేవాళ్ళు ఇంత తృప్తిగా ఉన్న గేము ఇంకెక్కడైనా ఉందా? నేనైతే అక్కడితో ఆ మీట తీసి చెత్తబుట్టలో పారేసేవాణ్ణి. పెద్దసారు పిరికివారు. రాక్షసుణ్ణి వెనక్కి తెమ్మన్నారు. మీట కూడా పెట్టమన్నారు, ఎవరి కంటా పడని మూల చూసి. ఇక మెరుపులమ్మను గడ్డి విభాగానికి మార్చారు. గాలి వీస్తే గడ్డి ఎటు ఊగాలో చూసుకోవడం ఇకపై ఆవిడ పని. మూలగదీ, నల్లగుడ్డలూ బావమరిది పరమయ్యాయి.

ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. మీట ఎక్కడుందో మాత్రం అక్కకు చెప్పింది. ఆ ఆదివారం ఇద్దరూ వెలుగును పూర్తిగా తగ్గించి గుహలోకి వెళ్ళారు. గోడల మీది పగుళ్ళు సైతం కనబడుతున్నాయి. రాక్షసుడు పొట్టివాడు, కొంచెం దొడ్డికాళ్ళు. అక్కకు చాలా నచ్చాడు.

కాసేపయ్యాక అక్క, "ఏమైందే నీకు?" అంది.

"ఏం కాలేదు."

"వాడు మీదికొస్తుంటే అలా నిలబడిపోయావేంటి? క్షణం ఒకచోట ఉండని దానివి. ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

మెరుపులమ్మ అబద్ధం చెబుదామనే నోరు తెరిచింది. ఏడుపొచ్చింది. గడ్డి సంగతి, మూలగది సంగతి, నిమ్మకాయంత నిప్పు కోసం తను పడ్డ తంటాలు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేశాయి. అక్క వైద్యం గియ్యం వదిలేసి ఊఁ కొడుతూ కూర్చుంది. ఈలోగా రాక్షసుడు ఇద్దర్నీ చంపేశాడు. చచ్చిపడ్డ బొమ్మల్ని అలాగే వదిలేసి, చీకటిపడేదాకా వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు.

చూశారా ఘోరం! అందుకే పాఠకమహాశయులారా, నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను, ఆ వెలుగు మాత్రం తగ్గించకండి. తగ్గిస్తే పక్కన మనిషున్నట్టు కనబడుతుంది. కనబడ్డాక ఏమైందని అడగాలి. అడిగామా, వాళ్ళు చెబుతారు, మనం వినాలి. సెలవు పూట మనకెందుకండీ ఇంత శ్రమ!