శనివారం పది గంటలకు కుదురుతుందా?

తల్లిదండ్రులారా! మీ అమ్మాయికి జర్మన్ నేర్పించండి. తప్పకుండా నేర్పించండి. కానీ పూర్తిగా నేర్పించకండి. ఏ-టూ దగ్గర ఆపేయండి. మీ ఇల్లు చల్లగా ఉంటుంది.

ఏ-టూ అంటే ఏమిటని అడుగుతారేమో, చెబుతాను. జర్మన్‌ను మెట్లు మెట్లుగా నేర్పుతారు. ఏ-వన్ అంటే మన పేరు చెప్పుకొని కాఫీ అడగడం. ఏ-టూ అంటే ఆ కాఫీ చల్లారిపోయిందని చెప్పగలగడం. ఆ పైది బీ-వన్. అందులో అసలు నాకు కాఫీయే వద్దని, ఎందుకు వద్దో కారణాలతో సహా చెప్పడం నేర్పుతారు. అంటే అభిప్రాయాలన్నమాట! మీరే చెప్పండి, ఆడపిల్లకు కాఫీ చల్లారిందని చెప్పడం వస్తే చాలదా?

నా పేరు షాలిని. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో నంద్యాల యూనివర్సిటీకి వెళ్లి ఎం.ఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. కెమిస్ట్రీకి తోడు జర్మన్! ఎందుకు పెట్టారని మాత్రం అడక్కండి. ఫ్రెంచ్ చెప్పేవాళ్లు దొరకలేదట.

ఏ-టూ వల్ల నాకు కలిగిన లాభాలు అన్నీ ఇన్నీ కావు. నిన్న నేను బంగాళాదుంపలు తిన్నానని జర్మన్‌లో చెప్పగలను. తినకపోయినా చెప్పగలను. మా ఊరికి రైలు రాదు, అయినా రైల్వే స్టేషన్‌కు దారి ఎవరడిగినా తడుముకోకుండా చెబుతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు, అది వాళ్ల దురదృష్టం! ఒకరోజు అద్దం ముందు నిలబడి గట్టిగా ప్రాక్టీస్ చేస్తుంటే మా అమ్మ మరియమ్మ హడలిపోయి పాస్టరుగారిని పిలిపించింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. దాని తర్వాత నా ఉచ్చారణ బాగుపడిందని మా జర్మన్ మేడం మెచ్చుకున్నారు.

ఇంత మహోపకారం నాకు దక్కిందంటే కారణం జకరయ్య సారు. ఆళ్లగడ్డ హైస్కూల్లో నాకు పాఠాలు చెప్పారు, అంతకు ముందు మా నాయనకూ చెప్పారు. ఇప్పుడు రిటైరయ్యారు. జర్మన్ క్లాసు సాయంత్రం. అయిపోయేసరికి చీకటి పడుతుంది. "పొద్దు గూకినాక బస్సులో ఒక్కదానివే వస్తావా? ఆ చదువు మనకొద్దు" అని మా నాయన తేల్చేశాడు. నేను "సరే నాయనా" అన్నాను. నాకు బాగా వచ్చిన మాట అదొక్కటే.

ఆ సంగతి సారు చెవిన పడింది. "పాపకు తోడు నేను పోతాలేప్పా" అన్నారు. ఊరికే వచ్చి క్లాసు బయట కూర్చోలేదు. బయటివాళ్లకు కూడా సర్టిఫికెట్ కోర్సు ఉందని తెలుసుకొని, తన పెన్షన్‌లోంచి ఫీజు కట్టి, మొదటి బెంచీలో నా పక్కన కూర్చున్నారు. మొదటి రోజు ఇస్త్రీ చొక్కాతో ఆయన లోపలికి రాగానే ప్రొఫెసర్ అనుకొని క్లాసంతా లేచి నిలబడింది. చాక్‌పీస్ ఆయన చేతిలో పెట్టకుండా మా కీర్తన మేడం ఎలా తమాయించుకున్నారో ఆమెకే తెలియాలి.

ఇక పరీక్షకు వద్దాం. ఏ-టూలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. పీటర్ అని ఒకడుంటాడు. వాడి పుట్టినరోజు. వాడికి బహుమతి కొనడానికి ఇద్దరూ శనివారం ఎప్పుడు కలవాలో తేల్చుకోవాలి. ఎవరి శనివారం పనులు వాళ్ల కాగితం మీద రాసి ఉంటాయి. ఒకరు ఒక టైము అడగాలి, రెండోవాళ్లు "అయ్యో, కుదరదు" అనాలి. అలా ఒకరికొకరు కుదరదు కుదరదనుకుంటూ చివరికి ఇద్దరికీ కుదిరే టైము పట్టుకోవాలి. ఇందులో కష్టమేముంది?

నాకు ఎదురుగా కూర్చున్నది జకరయ్య సారు!

"పది గంటలకు కుదురుతుందా?" అని ఆయన జర్మన్‌లో అడిగారు. నా కాగితంలో పది గంటలకు పళ్ల డాక్టరు ఉన్నాడు. ఉంటే ఉండనీ! నాకూ మా నాయనకూ పాఠాలు చెప్పిన మనిషి రమ్మంటే పన్ను అడ్డమా? "ఓ, సంతోషంగా!" అన్నాను. పరీక్ష అయిపోయింది.

మేడం బిత్తరపోయారు. "షాలినీ, నీకు పదికి డాక్టర్ ఉన్నాడు కదా?"

"ఇంకో దినం చూపిచ్చుకుంటా మేడం."

"సార్, మీకు కూడా పదికి ఈత క్లాసు ఉంది. మీరే అడిగారు!"

కె.సి. కాలువను గట్టు మీద నుంచి చూడటమే తప్ప నీళ్లలో దిగి ఎరుగని సారు హాయిగా నవ్వారు. "ఈతదేముందిలేమ్మా. పదికే పనులు తెమిలిపోతే పాప ఎండెక్కక ముందే ఇల్లు చేరుతాది."

"ఇది మర్యాద పరీక్ష కాదండీ!" అని మేడం ఇద్దరినీ ఫెయిల్ చేశారు. వచ్చే శనివారం పది గంటలకు మళ్లీ పరీక్ష, అదీ తప్పితే కోర్సు పోయినట్టే అన్నారు. మాట విన్నందుకు మార్కులు పోవడం నాకు అదే మొదటిసారి. జర్మన్లు ఎలాంటి మనుషులో చూశారా? పెద్దవాళ్లను కాదంటేనే పాసట!

మన దగ్గర ఇలాంటి బాధ ఉందా? భోజనానికి పిలిస్తే "వస్తాంలేప్పా" అంటాం, వెళ్లం. పిలిచినవాళ్లకూ రామని తెలుసు. అయినా ఒక ఆకు ఎక్కువే వేస్తారు. ఎవరి మనసూ నొచ్చుకోదు, అన్నం మాత్రం మిగిలిపోతుంది.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో సారు నాకు ట్యూషన్ మొదలుపెట్టారు.

"కుదరదని చెప్పు పాపా."

"సరే సార్."

"సరే అనొద్దు!"

"సరే సార్."

కండక్టర్ మా వైపు జాలిగా చూశాడు. ఆళ్లగడ్డ దగ్గర పడుతుండగా కళ్లు గట్టిగా మూసుకొని, "కుదరదు సార్!" అనేశాను. అని ఏడ్చేశాను. సారుకు కూడా కళ్లు చెమర్చాయి. "అట్లుండాల" అన్నారు.

సారు నన్ను ఇంటి దాకా దిగబెట్టడానికి వచ్చారు. అమ్మ ఆయనకు కుర్చీ వేసి కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. అప్పుడు చెప్పాడు మా నాయన.

"శనివారం పది గంటలకు బనగానపల్లె నుంచి నిన్ను చూసేదానికి వస్తాండారు. పిల్లోనిది మామిడికాయల యాపారం. ఆ పొద్దు యాడికీ పోవద్దు."

అలవాటు కొద్దీ 'సరే' నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ట్యూషన్ వేడి ఇంకా దిగలేదు.

"పది గంటలకు కుదరదు నాయనా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏందీ?"

"పదికి పరీక్షుంది."

నాయన సారు వైపు చూశాడు. సారు కాఫీ గ్లాసులోకి చూసుకున్నారు.

"అట్లయితే రెండు గంటలకు రమ్మంటా."

"రెండుకు బస్సులో ఉంటా నాయనా."

"ఆదివారం?"

"చర్చిలో బాప్తిస్మాలుండాయి. నువ్వే గదా సంఘ పెద్దవు."

"సోమవారం?"

"ల్యాబు."

"గుట్, గుట్" అని సారు మెల్లగా గొణిగారు. భేష్ అన్నమాట. ఇంత చక్కటి ఏ-టూ పరీక్ష జర్మనీలో కూడా ఎవరూ రాసి ఉండరు!

నాయన కోప్పడలేదు. అలసిపోయాడు. "మరి ఎప్పుడు కుదురుతాదో నువ్వే చెప్పు తల్లీ" అన్నాడు.

నాకు జవాబు తెలుసు. ఇప్పుడే పెళ్లి వద్దు, నేనింకా చదువుకోవాలి. కారణాలు కూడా ఉన్నాయి, బస్సులో ఎన్నోసార్లు కూడబలుక్కున్నాను. కానీ ఆ మాట ఎలా మొదలుపెట్టాలి? సారు వైపు చూశాను. పాపం, ఆయనదీ ఏ-టూనే.

"కాయల సీజను అయిపోనీ నాయనా. అప్పుడైతే వాళ్లకూ తీరికుంటాది" అన్నాను.

"అదీ మాటంటే!" అన్నాడు నాయన. వంటింట్లో గరిటె మళ్లీ కదిలింది.

శనివారం ఇద్దరం పాసయ్యాం. సారును నేను ఎన్నిసార్లు కాదన్నానో చూసి మేడం చప్పట్లు కొట్టారు. మిఠాయి పెట్టెతో ఆఫీసుకు వెళ్లి, బీ-వన్ ఎప్పుడు మొదలవుతుందని అడిగాను. "ఏ-టూతో ఆపేశామమ్మా. ఆ పైకి ఎవరూ రారు" అన్నారు. మిఠాయి తీసుకున్నారు.

కాబట్టి తల్లిదండ్రులారా, నేను మొదట్లో చెప్పిన మాట మీదే నిలబడుతున్నాను. ఏ-టూ దగ్గర ఆపేయండి. మీ అమ్మాయి ఏ రోజు కుదరదో చక్కగా చెబుతుంది, ఆ తర్వాత కుదిరే రోజు కూడా తనే చెబుతుంది.

పాఠకులారా, మీతో మాత్రం గొంతు తగ్గించి ఒక మాట. మీ చుట్టుపక్కల బీ-వన్ ఎవరైనా చెబుతున్నారా? జర్మన్‌లోనే కానక్కర్లేదు, తెలుగులో చెప్పినా చాలు. కాస్త త్వరగా కనుక్కోండి. బనగానపల్లెలో కాయలు కోతకు వచ్చేశాయట.