రెండో గిన్నెలో ప్రేమ

ఆ ఆదివారం పొద్దున చెల్లప్పన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. నెల్లితోపులో తమ వీధి చివరి అమ్మవారి గుడి పందిట్లోకి వెళ్ళాలి, వరసగా పెట్టిన గిన్నెల్లో కొళంబు రుచి చూడాలి, అంబుజానికి మొదటి బహుమతి ఇవ్వాలి, ఇంటికొచ్చి పడుకోవాలి.

ఆషాఢం, అక్కడివాళ్ళ మాటలో ఆడి నెల, వచ్చిందంటే ఆ వీధి మహిళా సంఘానికి ఏదో ఒక పోటీ పెట్టకపోతే నిద్ర పట్టదు. ఈసారి పోటీ పేరు 'ప్రేమతో వంట'. అందరూ వండాల్సింది ఒకటే, వంకాయ కారకొళంబు. ఆ తమిళ ఊళ్ళో తెలుగువాళ్ళు పులుసును అలాగే అంటారు. తీర్పు చెప్పే పని చెల్లప్పన్‌కు అప్పగించడానికి అతని నాలుక గొప్పదనం కారణం కాదు. నిరుడు ఆ పని చేసిన గుణశేఖరన్ సొంత పెళ్ళానికి మూడో బహుమతి ఇచ్చి, ఆ తరవాత చాన్నాళ్ళు హోటల్లో తిన్నాడు. చెల్లప్పన్‌కు ఆ భయం లేదు. అతని భార్య సెంగమలం పోయి రెండేళ్ళయింది. ఇంట్లో పగ తీర్చుకునే మనిషి లేనివాడే నిష్పక్షపాతి అని సంఘం తీర్మానించింది.

సంఘం ఒక్క సంగతి మరిచిపోయింది. పెళ్ళాం లేనివాడికి కూడా రాత్రికి ఆకలేస్తుంది. చెల్లప్పన్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. పొయ్యి వెలిగించడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. హోటలు తిండి కడుపుకు పడదు. సెంగమలం పోయిన నాటినుంచి పక్కింటి అంబుజం రోజూ చీకటి పడేవేళకు పంపే క్యారియరే అతనికి దిక్కు. అది ఆగితే ఇక బన్నూ అరటిపండే.

ముందురోజు గోడ మీదుగా క్యారియర్ అందిస్తూ అంబుజం ఒక మాట వదిలింది.

"అన్నా, గిన్నెల మింద పేర్లుండవంట, నెంబర్లేనంట. నా చేతి రుచి నీకు తెలవకుండా పోతుందా?"

"కండ్లు మూసుకోని చెప్తా పోమ్మా."

"తప్పితే?"

"తప్పితే ఈ క్యారియరే నాకొద్దు!"

అన్న మరుక్షణం చెల్లప్పన్ నాలుక కరుచుకున్నాడు. అంబుజం నవ్వి, "సరి" అంది. ఆ సరి అతనికి నచ్చలేదు.

పందిట్లో సంఘం అధ్యక్షురాలు పరిమళ కర్పూరం వెలిగించింది. పోటీకి వచ్చినవాళ్ళంతా ఆ మంట మీద అరచెయ్యి చాపి "నా చేత్తో వండినా" అని ప్రమాణం చేయాలి. అబద్ధం చెబితే అమ్మవారు ఒళ్ళంతా పొక్కులు పోయిస్తుందని ఆ వీధి నమ్మకం. అందరూ చేశారు. అంబుజం అందరికంటే గట్టిగా చేసింది. ఆమె ఇంటికి ఆ పక్కనుండే కొత్త కోడలు జయంతి మాత్రం ఆలస్యంగా గిన్నె పట్టుకుని వచ్చింది. అప్పటికి కర్పూరం ఆరిపోయింది. బ్యాంకు ఉద్యోగం చేసే పిల్ల అబద్ధం చెబుతుందా అని పరిమళ ఊరుకుంది.

చెల్లప్పన్ చెంచా పట్టాడు. మొదటి గిన్నెలో ఉన్నది చింతపండు నీళ్ళు. రెండోది నోట్లో పడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంకాయ పచ్చి, మెంతులు మాడి చేదు, ఉప్పు సముద్రమంత. మూడూ నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినట్టున్నాయి. అయిదో గిన్నె దగ్గర నాలుక నిలిచిపోయింది. నువ్వుల నూనెలో ఎర్రగా వేగిన వెల్లుల్లి, గొంతు దాటాక గాని తెలియని కారం, చివర్లో బెల్లం జాడ. రోజూ క్యారియర్‌లో వచ్చే రుచి అదే. మిగిలినవి పేరుకు నాలుకకు తగిలించి వదిలేశాడు. బన్ను గండం గడిచింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని చేతికి మైకు వచ్చిన మనిషి ఆగడు. పైగా పక్కింటామెకు బహుమతి ఇస్తున్నాడన్న అనుమానం రాకుండా ఇంకొకరిని గట్టిగా తిట్టడం మంచిదనిపించింది.

"అమ్మల్లారా! వంటకి సామాన్లు కాదు ముఖ్యం, ప్రేమ. ప్రేమతో చేసింటే రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది. ఇదో, ఈ అయిదో గిన్నె. చేసిన తల్లి తినేవాని మొగం తలుచుకుంటా చేసింది. నా నాలిక్కి తెలస్తాంది." చప్పట్లు మోగాయి. "మరి రెండోదో? మొగుని మింద కసితో చేసింటాది. ఇది తినేవాడు పాపం, యాడ ఏం పాపం చేసినాడో!"

పందిరి ఘొల్లుమంది. కీర్తిక అనే కాలేజీ పిల్ల అంతా ఫోన్లో తీసి, అతను మైకు దించకముందే వీధి వాట్సాప్ గ్రూపులో పడేసింది.

పరిమళ గిన్నెల అడుగున అంటించిన పేర్లు చదివింది. "అయిదో నెంబరు, మన జయంతి! రెండో నెంబరు... అంబుజం అక్క."

చెల్లప్పన్ చేతిలోని చెంచా కింద పడింది.

జయంతి అత్త తమిళరసి పరుగున వచ్చి కోడల్ని వాటేసుకుంది. "టీ పెట్టేదానికి రాదని ఊరంతా చెప్పినానే! ఈ చెయ్యి ఇన్నాళ్ళూ యాడ దాచిపెట్టినావు తల్లీ?" జయంతి మొహం వంకాయ రంగుకు తిరిగింది.

అంబుజం లేచి వచ్చి అయిదో గిన్నెలో వేలు ముంచి నాకింది. మరోసారి నాకింది. ఆమె చూపు వెనక వరసలో పేపరు చాటున కూర్చున్న మొగుడు గణేశన్ మీద ఒక్క క్షణం ఆగి, తిరిగి జయంతి మీదికొచ్చింది.

"ఏమ్మే, ఇది ఎవరు చేసింది?"

"నేనే అత్తా."

"పరిమళా, ఇంకొక కర్పూరం వెలిగించు."

జయంతి భోరుమంది. "వద్దత్తా! మామ ఇచ్చినాడు. పొద్దున గోడ మిందనించి."

"ఏ మామ?" అంది తమిళరసి.

"గణేశన్ మామ."

తమిళరసి కోడల్ని వదిలేసింది. "ఐయో! పెండ్లాం ఇంట్లో ఉండంగా మంది కోడలికి గోడ మింద కొళంబా?" ఎవరో వెనకనుంచి "ఈ పొద్దొక్కటేనా, రోజూనా?" అని అడిగారు. జయంతి మొగుడు కదిరవన్ లుంగీ పైకి మడిచి కట్టాడు. "మామా, ఏంది కత? గోడ దూకినావా?" గ్రూపులో కొళంబు సంగతి అప్పుడే వెనకబడింది. అందరూ గోడ ఎత్తు గురించి మాట్లాడుతున్నారు.

"నేను దూకలేదురా! గిన్నె ఒకటే దాటింది!" గణేశన్ పేపరు విసిరేశాడు. "ఆ పిల్ల చేసింది మాడిపోయి ఏడస్తావుంటే నేను చేసింది ఇచ్చినా. మా ఇంట్లో ఈమె ఈ పొద్దు నా వంట పోటీకి వద్దనె. కర్పూరం మింద అబద్ధం చెప్తే పొక్కులొస్తాయని ఈమె సొంతంగా చేసుకునింది. పెండ్లయినంక ఈమె పొయ్యి కాడికి పోయింది ఇదే మొదలు."

"అంటే రోజూ వంట..." అంది పరిమళ.

"నేనే."

కదిరవన్ లుంగీ దించుకున్నాడు. చెల్లప్పన్ ముందుకొచ్చాడు. "నా క్యారియర్?"

"అదీ నేనే బావా."

చెల్లప్పన్‌లో ఆశ లేచి కూర్చుంది. చెయ్యి ఎవరిదైతేనేం? "గణేశా, నా మింద నీకింత ప్రేమ ఉందని నాకు తెలవకపాయె."

"ప్రేమా? ఆఫీసునించి వచ్చి కాళ్ళు చాపుకునేదానికి లేదు, 'పాపం, అన్నకి కూడా పెట్టు' అంటాది ఈమె. వెల్లుల్లి వలిచేటప్పుడు నిన్ను తిడతా. కారం వేసేటప్పుడు మీ నాయన్ని తిడతా. బెల్లం వేసే టయానికి నోరు నొచ్చి ఊరుకుంటా. తినేవాని మొగం తలుచుకునేది మాత్రం నిజమే బావా. రొంబ బాగా తలుచుకుంటా."

జనం పొట్టలు పట్టుకున్నారు. చెల్లప్పన్ నవ్వలేదు. సెంగమలం కూడా పొయ్యి ముందు ఎప్పుడూ పెదవులు కదుపుతూనే ఉండేది. ఏదో స్తోత్రం చదువుకుంటోందని అతను అనుకునేవాడు. కాపురం చేసినన్నాళ్ళూ ఆమె కొళంబుకు వంక పెట్టడానికి లేకపోయింది.

అయినా రాత్రి తిండి రాత్రి తిండే. సిగ్గు మింగి, "తిట్టుకుంటానే వండు గణేశా, నాకేం బాధ లేదు" అన్నాడు.

"అవసరం లేదన్నా." అంబుజం కొంగు బిగించింది. "ఈయన ఇంక వంటింట్లోకి రాడు. నా వంటలో ప్రేమ లేదని వీధి వీధంతా ఫోన్లో చూసుకుంటాంది. ఇంక రోజూ నేనే వండతా."

"క్యారియర్ వద్దని నేనే మాటిచ్చినా కదమ్మా," అన్నాడు చెల్లప్పన్ ఆదరాబాదరాగా.

"అన్నంత మాత్రాన వదిలేస్తానా? నువ్వు నాకు అన్నవి. నా చేత్తో, నీ మొగం తలుచుకుంటా, ప్రేమతో చేసి పంపిస్తా."

గణేశన్ పేపరు తీసి దుమ్ము దులిపాడు. పెళ్ళయిన నాటినుంచి అతను అంత హాయిగా కాళ్ళు చాపుకోవడం ఎవరూ చూడలేదు.

చీకటి పడేవేళకు గోడ మీదుగా క్యారియర్ వచ్చింది. అన్న తినేదాకా అంబుజం అవతలే నిలబడింది. చెల్లప్పన్‌కు రెండు ముద్దలకే కడుపు నిండిపోయింది.